కంకర పిక్చర్, ఇసక పిక్చర్, మెట్ల పిక్చర్

జూన్ 4

పిన్నికి,

బాగున్నావా? ఫోన్ చేస్తే నీకు వినపడదు, నాకు అరవడం చేతకాదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం కంటే ఉత్తరం రాయడమే నయమని మా ఆయన అన్నాడు. ఈ మాట ఆయనది, నాది కాదు. కోపం వస్తే ఆయన మీదే చూపించు.

నాన్న పోయి రెండు నెలలు దాటింది. ఆయన అద్దెకున్న మూడో అంతస్తు వాటాలోకి మేమే మారాం. మా ఆయన పనిచేసే బస్సు డిపో ఇక్కడికి దగ్గర. లిఫ్టు లేదు, మోకాళ్లు అరిగిపోతున్నాయి, మారు నాన్నా అని ఎన్నిసార్లు చెప్పినా కదల్లేదు కదా ఆయన! సామాన్లన్నీ సర్దాను. ఇల్లంతా గాలించినా అమ్మ ఫొటో ఒక్కటీ దొరకలేదు.

నాకు ఏడాదిన్నర వయసులో పోయిన మనిషి. అమ్మ ఏం చేసేది నాన్నా అని అడిగితే "సినిమాల్లో పనిచేసేది" అని లేచి రేడియో పెట్టేవాడు. మధ్యాహ్నం భోజనం అయిందంటే ఆ రేడియో చెవులు చిల్లులు పడేలా మోగాల్సిందే. ఎదురు వాటా టైలరు ఇన్నేళ్లూ ఎలా భరించాడో! అమ్మంటే నాన్నకి ఎందుకంత కోపమో నాకెప్పుడూ అర్థం కాలేదు.

నువ్వూ అమ్మా ఒకే స్టూడియోలో పనిచేశారు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. అమ్మ ఉన్న సినిమాల పేర్లు రాయి. కళ్లద్దాల షాపులో పొద్దస్తమానం మొహాలు చూడటమే నా పని, కనుబొమ చూసి ఎవరు ఎవరి చెల్లెలో చెప్పేస్తాను. అమ్మని ఒక్కసారి గుర్తుపట్టాలి పిన్నీ, నాకింకేం వద్దు.

మంచి సినిమాలే చెప్పు. లేకపోతే పక్కన కూర్చున్నాయన గురక పెడతాడు.

నీ అక్క కూతురు,
బుడ్డి

జూన్ 11

బుడ్డీ,

శంఖం సంగతి మీ ఆయన ఎదురుపడ్డప్పుడు చూస్తాను. నలభై ఏళ్లు చెవులతో బతికినదాన్ని, ఇప్పుడు అవి పెన్షను తీసుకున్నాయి. నీకేమిటి నొప్పి అని మీ ఆయన్ని అడుగు.

మీ అమ్మ లేని మంచి సినిమా ఆ రోజుల్లో లేదు. అయితే సినిమా పేర్లు మాకెప్పుడూ తెలిసేవి కావు. పేరు పెట్టేలోపే మా పని అయిపోయేది. అందుకని మేం నేలని బట్టి పేరు పెట్టుకునేవాళ్లం. కంకర పిక్చర్, ఇసక పిక్చర్, మెట్ల పిక్చర్, ఇలా. డిస్కుల షాపువాడికి ఆ పేర్లు చెప్తే నిన్ను పిచ్చిదనుకుంటాడు. విడుదలయ్యాక తెలిసిన అసలు పేరు చీటీ మీద రాసి ఇందులో పెట్టాను.

ముందు కంకర పిక్చర్ చూడు. ఒకావిడ మొగుడు ఎటో వెళ్లి తిరిగి రాడు. రోజూ కంకర పోసిన పెద్ద ఆవరణ దాటి, వార్త ఏమన్నా వచ్చిందేమోనని ఆఫీసుకి వస్తుంది. లోపల గుమాస్తా కూర్చుని ఉంటాడు. కెమెరా ఆవిడ మీదకి వెళ్లదు, వాడి మొహం మీదే ఉంటుంది. ఆఖరి రోజు చెడ్డవార్త వాడి చేతిలో ఉంటుంది. బయట అడుగులు వినిపిస్తాయి. గుమ్మం దాకా వచ్చి ఆగుతాయి. ఆగి, వెనక్కి తిరిగి వెళ్లిపోతాయి. అంతే. ఆవిడకి తెలిసిపోయిందని మనకి తెలుస్తుంది. ఏడుపూ లేదు, వయొలినూ లేదు. ఇప్పటివాళ్లయితే ఆ చోట నలభై వయొలిన్లు గీకించేవాళ్లు. చూపించాల్సినదాన్ని చూపించకుండా ఉండటానికి గుండె కావాలే, అందుకే అది గొప్ప సినిమా.

మీ అమ్మ అందులో మొదటి రీలు నుంచి ఆఖరి రీలు దాకా ఉంది. చూసి రాయి.

మీ చెవిటి పిన్ని

జూన్ 20

పిన్నీ పిన్నీ పిన్నీ,

దొరికింది!

మొదటిసారి చూసినప్పుడు కనిపెట్టలేకపోయాను. రెండోసారి ఆపి ఆపి చూశాను. గుమాస్తా వెనక కిటికీ ఉంటుంది చూడు, దాని అవతల మడిచిన గొడుగు పట్టుకుని ఒకావిడ నిలబడి ఒక్క క్షణం మనకేసి చూస్తుంది. నా కనుబొమలే! చెవులు కూడా నావేనని మా ఆయన ఒప్పుకున్నాడు. ఆయన ఒకదానికి ఒప్పుకున్నాడంటే అది సామాన్యం కాదు.

ఆ బొమ్మని ఫొటో తీయించి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి నాన్న రేడియో పైన గోడకి తగిలించాను. పొద్దున్నే దానికి చెప్పి షాపుకి వెళ్తున్నాను. వెళ్లొస్తానమ్మా అని అనడం నా జన్మలో ఇదే మొదలు పిన్నీ. ముప్పై దాటినదాన్ని, సిగ్గేస్తోంది, అయినా అంటున్నాను.

సినిమా కూడా నువ్వన్నట్టే ఉంది. ఆఖర్న మా ఆయన కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు.

ఇక్కడంతా క్షేమం. కింద ఎవరో ఇల్లు కట్టుకోవడానికి కంకర తోలించినట్టున్నారు. నిన్న నా సెలవు, కాస్త నడుం వాలుద్దామంటే మధ్యాహ్నం ఒకటే కరకర. ఇంకో సినిమా చెప్పు.

ఆనందంతో ఎగురుతున్న
నీ బుడ్డి

జూన్ 27

నా తల్లీ,

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఆ ఫొటో వెంటనే దించు. ఆవిడ సెట్లకి మేకులు కొట్టే వడ్రంగి అత్తగారు. షూటింగు చూడటానికొచ్చి కెమెరాలో పడింది. ఆ గొడుగు కూడా ఆవిడది కాదు.

నీకు తెలుసనుకున్నాను. మీ నాన్న ఈ మాత్రం కూడా చెప్పలేదా? మీ అమ్మ తెర మీద ఎక్కడా కనిపించదు. వినిపిస్తుంది. మీ అమ్మ నడిచేది.

షూటింగులో పడే అడుగుల చప్పుడు పనికిరాదమ్మా. లైట్లవాళ్ల దగ్గూ, జనరేటరు రొదా అన్నీ కలిసిపోతాయి. అందుకని తర్వాత ఒక చీకటి గదిలో బొమ్మ వేసి, దాన్ని చూస్తూ ఒక మనిషి నడవాలి. మా గదిలో నేలంతా చెక్క తొట్లు ఉండేవి. ఒకదాంట్లో కంకర, ఒకదాంట్లో ఇసక. పక్కన పలకరాయి, చెక్క మెట్లు. గడ్డి కావాలంటే పాత టేపుల కుప్ప తొక్కేది. మంచు కావాలంటే పిండి సంచి. హీరోయిన్లకీ, హీరోలకీ, పోలీసులకీ, దయ్యాలకీ అందరికీ మీ అమ్మే నడిచింది. అవార్డులు వాళ్లకి, ఆనెకాయలు మీ అమ్మకి.

చిన్నప్పుడు గోడ దూకి ఎడమ మడమ విరగ్గొట్టుకుంది. అందుకని కుడి అడుగు బరువుగా, ఎడమ అడుగు తేలిగ్గా పడేది. ఎంత దాచినా దాగేది కాదు. నేను అద్దం వెనక రికార్డింగు మెషీను దగ్గర కూర్చునేదాన్ని. బొమ్మలో మనిషి ఆగినా మీ అమ్మ తనంతట తాను పని ఆపకూడదు, అడుగు వేసినచోట అలాగే నిలబడాలి. నేను 'చాలు' అనాలి. అప్పుడు ఎడమ కాలిని మెల్లగా కుడికాలి పక్కకి లాక్కునేది, స్స్ మని చిన్న రాపిడి. ఆ రాపిడి డైరెక్టరుకి ఎంత నచ్చిందంటే నా 'చాలు' కత్తిరించి దాన్ని మాత్రం సినిమాలో ఉంచేవాడు. ఆ హీరోయిన్ తటపటాయింపు ఎంత సహజంగా ఉందో అని జనం మెచ్చుకునేవారు. నచ్చకపోతే డైరెక్టరు 'ఇంకోసారి' అనేవాడు. మీ అమ్మ కిక్కురుమనకుండా వెనక్కి వెళ్లి మొదటి నుంచి నడిచేది. ఈ రెండు మాటలు తప్ప ఆ గదిలో మూడో మాట లేదు. నడక మధ్యలో తలుపు తీయడమూ లేదు.

ఇప్పుడు ఇసక పిక్చర్ చూడు. చీటీ పెట్టాను. సముద్రం ఒడ్డున దీపస్తంభం కాపలావాడు, వాడి కూతురు. కూతురు ఇల్లు వదిలి వెళ్లిపోయే చోట చీకటే తప్ప తెర మీద ఏమీ ఉండదు. ఇసకలో అడుగులు దూరమవుతుంటాయి. ఆ అమ్మాయి ఎక్కడ ఆగి వెనక్కి చూసిందో చీకట్లోనే నీకు తెలుస్తుంది. కళ్లతో తీసినవాళ్లు చాలామంది ఉన్నారు, చెవులతో తీసినది ఇదొక్కటే. నువ్వు కళ్లు మూసుకుని చూడు.

ప్రేమతో,
పిన్ని

జూలై 9

పిన్నీ,

ఫొటో దించాను. గోడ మీద మేకు మిగిలిపోయింది. ఆ వడ్రంగి అత్తగారికి అన్ని రోజులు వెళ్లొస్తానని చెప్పినందుకు మా ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఇసక పిక్చర్ కళ్లు మూసుకుని చూశాను. కుడి బరువు, ఎడమ తేలిక. ఆగింది, స్స్ మంది. మొహం చూసి ఉంటే ఇంత ఏడ్చేదాన్ని కాదేమో. అది మా అమ్మ కాలు పిన్నీ! కంకర పిక్చర్ మళ్లీ పెట్టాను. అందులోనూ ఉంది. ఇంతకాలం అమ్మ లేదనుకున్నాను, జనమంతా టిక్కెట్టు కొనుక్కుని విన్నారు, నేనే వినలేదు.

ఒక సంగతి రాయాలా వద్దా అని రెండుసార్లు కాగితం చింపాను. మొన్న నా సెలవు రోజు భోజనం అయ్యాక పడుకున్నాను. మా వాటా బయట పొడుగాటి వరండా ఉంది, మొజాయిక్ నేల. మెట్ల వైపు నుంచి ఎవరో నడిచి వస్తున్న చప్పుడు. కుడి బరువు, ఎడమ తేలిక. వరండా సగం దాకా వచ్చి ఆగిపోయింది. లేచి చూస్తే ఎవరూ లేరు. టైలరుగారు గుమ్మంలో కూర్చుని బొత్తాలు కుడుతున్నారు. ఎవరన్నా వచ్చారా అంటే రాలేదన్నారు.

నన్ను భయపెట్టింది అది కాదు. ఆ చప్పుడు మొజాయిక్ మీద చప్పుడు కాదు పిన్నీ, ఇసక మీదది. కిందకి దిగి వాచ్‌మన్‌ని అడిగాను. ఈ వీధిలో ఎవరూ ఇల్లు కట్టడం లేదట. కంకర ఎవరూ తోలించలేదట.

జవాబు త్వరగా రాయి.

బుడ్డి

జూలై 16

బుడ్డీ,

తాడుని చూసి పామనుకోవడం అంటే ఇదే. కొత్తగా ఆ పనిలో చేరినప్పుడు నాకూ కుళాయి చుక్కల్లో అడుగులే వినపడేవి. చెవికి ఒకటి అలవాటు చేస్తే అది అదే వెతుక్కుంటుంది. షాపులో రోజంతా నిలబడతావు, సరిగ్గా తినవు, మధ్యాహ్నం నిద్ర ఒకటి. కాస్త వేళకి తిను.

మెట్ల పిక్చర్ చెప్పకూడదనుకున్నాను. కానీ సగం చెప్పి దాస్తే నువ్వు ఇంకా ఊహించుకుంటావు. మీ అమ్మ ఆఖరి సినిమా అది. గదులు అద్దెకిచ్చే ఒక ముసలావిడ కథ. పైఅంతస్తులో చచ్చిపోయిన కొడుకు గది ఉంటుంది. సినిమా అంతా ఆవిడ చెక్కమెట్ల మలుపు దాకా ఎక్కడం, దిగిపోవడం. ఆఖరి రీల్లో మలుపు దాటి, పైన చెక్క వరండాలో నడిచి, ఆ గది ముందు ఆగుతుంది. తలుపు తీయకముందే సినిమా అయిపోతుంది. తలుపు వెనక ఏముందని అడిగితే, నడక విని మీరే చెప్పండన్నాడు డైరెక్టరు. చూసినవాళ్లు ఇళ్లకెళ్లి వాళ్ల వాళ్ల తలుపుల వైపు చూసుకున్నారు. అలాంటి సినిమా మళ్లీ రాలేదు.

ఆ రీలు నడుస్తుండగానే, మలుపు దాటగానే మీ అమ్మ కూలబడింది. గుండె. నేను కుర్చీ తన్నేసి పరిగెత్తాను. నిన్నెత్తుకుని మీ నాన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, పని కాగానే ముగ్గురూ కలిసి ఇంటికి వెళ్లాలని. ఆ గందరగోళంలో 'చాలు' అనేదెవరు?

తర్వాత ఆ మిగిలిన నడక నేనే నడిచాను, మీ అమ్మ చెప్పులు వేసుకుని. కాబట్టి మలుపు దాకానే మీ అమ్మ, ఆ తర్వాత నేను. నావి పోలీసు కవాతు కాళ్లు, రెండూ ఒకటే బరువు. ఆ సినిమా నేను ఇంతవరకూ చూడలేదు. చీటీ పెట్టాను. చూసి, ఏడ్చి, అక్కడితో ఆపెయ్.

పిన్ని

జూలై 30

పిన్నీ,

నువ్వు పొరబడ్డావు. మలుపు తర్వాత కూడా అమ్మే.

ముగ్గురం విన్నాం. నేనూ, మా ఆయనా, నమ్మకం కుదరక టైలరుగారినీ పిలిచాం. కుడి బరువు, ఎడమ తేలిక, తలుపు దాకా అదే నడక. పోలీసు కవాతు ఎక్కడా లేదు. ఒక్కటే తేడా. అన్ని సినిమాల్లోనూ ఆగాక స్స్ మని కాలు లాక్కుంటుంది కదా, ఇందులో లాక్కోదు. ఆగి, అలాగే ఉండిపోతుంది. సినిమా అయిపోయినా ఇంకా నిలబడి ఉన్నట్టే అనిపిస్తుంది. ఎందుకు పిన్నీ?

ఇంకోటి. ఇప్పుడు వరండాలో సగానికి ఆగడం లేదు. నా సెలవు రోజు మధ్యాహ్నం తిన్నగా మా తలుపు దాకా వచ్చింది. ఈసారి చెక్క మీద నడక. మా మేడంతా కలిపినా చెక్కమెట్టు ఒక్కటీ లేదు. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు, వినపడలేదన్నాడు, కానీ మొహం పాలిపోయింది. నేను తలుపు ఇవతల నిలబడ్డాను. అవతల కాలు లాక్కున్న చప్పుడు కోసం చూశాను. లేదు. అలా ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఎదురింట్లో మిషను కుట్టడం మొదలయ్యాక తలుపు తీస్తే ఖాళీ.

భయంగా ఉంది. వచ్చే సెలవు ఎప్పుడా అని కూడా ఉంది. నన్ను తిట్టకు.

బుడ్డి

ఆగస్టు 4

బంగారూ,

తిట్టను. తిట్టే నోరు పడిపోయింది.

పక్కింటావిడని బతిమాలి వాళ్ల టీవీలో ఆ సినిమా పెట్టించుకున్నాను. నాకు వినపడదు కదా, స్పీకరు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. చెవులు పోయాయి గానీ చేతికి దరువు తెలుస్తుంది. మలుపు తర్వాత కూడా ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా తగిలింది. నేను నడిచాను బుడ్డీ. నా కాళ్లతో, ఆ చెక్కల మీద, అందరూ చూస్తుండగా నడిచాను. అవి నా అడుగులు కావు.

నీకు తాడు, పాము అని నీతులు చెప్పాను. క్షమించు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. అది నిన్నేమీ చేయదు, మీ అమ్మ చీమకి కూడా దారి ఇచ్చే మనిషి. తనంతట తాను పని ఆపకూడదు, అదే దాని బాధ. ఆ రోజు ఎవరూ 'చాలు' అనలేదు. ఇంకా నడుస్తూనే ఉంది. మీ నాన్న ఎప్పుడూ గేటు దాటి లోపలికి రాలేదు. ఆయనకి ఆ మాట తెలియదు. తెలిసి ఉంటే ఎప్పుడో అనేవాడు.

నేను వచ్చి అందామంటే, అది తలుపు దగ్గరికి ఎప్పుడు వచ్చిందో నాకెలా తెలుస్తుంది? నువ్వే అనాలి. తలుపు తీయకు. అడుగులు ఆగనివ్వు. ఆగాక గట్టిగా, ఒక్కసారి, 'చాలు' అను. కాలు లాక్కున్న చప్పుడు వినపడుతుంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ రాదు. దానికి విశ్రాంతి దొరుకుతుంది. మా అక్క చాలా అలిసిపోయి ఉంటుంది బుడ్డీ. అనేసి, నాకు ఒక్క ముక్క రాయి, నేనూ నిద్రపోతాను.

నీ పిన్ని

ఆగస్టు 13

పిన్నికి,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని భోజనం అయినప్పటి నుంచి తలుపు దగ్గరే నిలబడ్డాను. మా ఆయన్ని బయటికి పంపేశాను.

నిలబడ్డంతసేపూ నాన్నే గుర్తొచ్చాడు. అమ్మ మీద కోపంతో రేడియో పెట్టేవాడనుకున్నాను కదా. ఇన్నేళ్లూ రోజూ ఆ అడుగులు వింటూ, తలుపు తీసే ధైర్యం లేక, ఇల్లు మారే మనసు రాక, ఆ రేడియో పెట్టుకుని కూర్చున్నాడు. మారి ఉంటే ఆవిడ ఎవరి తలుపుకి వచ్చేది?

వచ్చింది. మెట్ల దగ్గర మొదలైంది. కుడి బరువు, ఎడమ తేలిక. వరండా అంతా నడిచి, తలుపుకి అవతల, నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆగింది. కాలు లాక్కోలేదు. నా మాట కోసం చూస్తోందని నాకు తెలుసు. అలిసిపోయిందని కూడా తెలుసు. తలుపుకి చెవి ఆనించాను.

నీ మాట అనడానికే నోరు తెరిచాను పిన్నీ, ఒట్టు. కానీ ఆ ఒక్క మాటతో అయిపోతుంది. ఫొటో లేదు, గొంతు లేదు, నాకు మా అమ్మ దొరికింది ఈ రెండు నెలలే. నా నోట్లోంచి ఏం వచ్చిందో వచ్చాకే తెలిసింది.

"ఇంకోసారి" అన్నాను.

తర్వాత అడుగులు వెనక్కి తిరిగాయి. కిక్కురుమనకుండా వరండా చివరిదాకా వెళ్లాయి. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదటి నుంచి నడక మొదలైంది. ఇదివరకటి కంటే కొంచెం నెమ్మదిగా.

తప్పని తెలుసు. వచ్చే సెలవు రోజున 'చాలు' అంటాను. తప్పకుండా అంటాను. నువ్వు నిద్రపో.

ఈలోగా చీటీ మీద ఇంకో సినిమా పేరు రాసి పంపు. నేల ఏదైనా ఫరవాలేదు.

బుడ్డి